స్తంభమెక్కిన మనిషిని మరిచిపోదామా?

హైదరాబాద్ నుంచి వికారాబాద్ వెళ్లే దారిలో మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు సాగితే రోడ్డుకు రెండు పక్కలా పాత మర్రిచెట్లు కనిపిస్తాయి. ఆ ఊడల వెనక చేల గట్ల మీదుగా కరెంటు స్తంభాలు వరుసగా సాగిపోతుంటాయి. మర్రిచెట్ల కోసం సభలు పెట్టినవారున్నారు, హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లినవారున్నారు. స్తంభాల గురించి ఎవరూ మాట్లాడరు. కరెంటు పోయినప్పుడు మాత్రం ఊరందరికీ ఒకే మనిషి గుర్తుకొస్తాడు. అతడే లైన్‌మన్. ముసలివాళ్లకు కరెంటు సాబ్, పిల్లలకు కరెంటు చాచా, రైతులకు లైన్‌మనన్న.

కరెంటు వచ్చిన మరుక్షణం మనం అతణ్ణి మరిచిపోతాం. అతడు రిటైరైతే మరింతగా మరిచిపోతాం. కన్నుమూస్తే జనాజాలోనో అంతిమయాత్రలోనో నాలుగడుగులు వేసి, మంచివాడని ఒక మాట అనుకుని ఇంటికొస్తాం. ముప్పై ఏళ్లకు పైగా ఒక ఊరికి వెలుగు చూపించిన మనిషి జీవితానికి ఆ ఒక్క మాట సరిపోతుందా?

ఈ వ్యాసంలో ఏ లైన్‌మన్ పేరూ రాయడం లేదు. ఇది ఒక్కరి కథ కాదు, ఒక తరం కథ. మీ ఊళ్లో ఆ పేరు ఏమిటో మీకు తెలుసు. చదువుతున్నప్పుడు ఆ పేరును మీరే పెట్టుకోండి.

రెండు సాగరాల నడుమ

చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతానికీ ప్రజాసేవల చరిత్రకూ చాలా పాత సంబంధం ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాద్ నగరాన్ని ముంచెత్తి వేలాది ప్రాణాలను బలి తీసుకుంది. అలాంటి విపత్తు మళ్లీ రాకుండా చేయడానికి మోక్షగుండం విశ్వేశ్వరయ్యను రప్పించి సలహా తీసుకున్నారు. ఆ ఆలోచనలోంచే మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరదను ఆపడమే కాదు, నగరానికి తాగునీరు కూడా ఈ రెండు చెరువులే ఇచ్చాయి. మొయినాబాద్ ఈ రెండింటి నడుమనే ఉంది.

ఒక సాగరానికి ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరు పెట్టారు. రెండోదానికి ఆయన పెద్ద కుమారుడు హిమాయత్ అలీఖాన్ పేరు పెట్టారు. విశ్వేశ్వరయ్యకు విగ్రహాలున్నాయి. నిజాంసాగర్ నిర్మాణంతో పేరు పొందిన చీఫ్ ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ పుట్టిన రోజు జూలై 11ను తెలంగాణలో ఇంజనీర్ల దినంగా జరుపుకుంటున్నాం. ఇవన్నీ న్యాయమే. అయితే వందేళ్లుగా ఆ గేట్ల దగ్గర రాత్రింబవళ్లు కాపలా ఉండి నీటిమట్టం చూసి రాసుకున్నవారు, వరద వచ్చినప్పుడు జోరువానలో గేట్లెత్తినవారు, వాల్వులు తిప్పినవారు ఎవరు? వారి పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. ఏ జీతాల రిజిస్టరులోనో ఉండి ఉంటాయి. ఆ రిజిస్టరు ఇప్పుడు ఎక్కడుందో?

నీటి విషయంలో జరిగిందే కరెంటు విషయంలోనూ జరుగుతోంది. నీటి కార్మికుల జ్ఞాపకాలు చాలావరకు మన చేయి దాటిపోయాయి. కరెంటు లైన్‌మన్‌ల తొలి తరాలలో కొందరు ఇంకా మన మధ్యే ఉన్నారు. అడిగితే చెప్పగలరు. అడగాలి, అంతే.

అయిదు బోర్డులు, ఒకే ఆఫీసు

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు 1959 ఏప్రిల్ 1న ఏర్పడింది. అంతకు ముందు పట్నాలకే పరిమితమైన కరెంటు పల్లెలకు పాకింది ఆ తర్వాతి రెండు మూడు దశాబ్దాల్లోనే. 1980ల మొదట్లో బోర్డులో హెల్పరుగా చేరిన ఒక యువకుణ్ణి ఊహించుకోండి. పదో తరగతో అంతకన్నా తక్కువో చదివి ఉంటాడు. చేతిలో కటింగ్ ప్లేయరు, భుజాన తాడు, కింద సైకిలు. హెల్పరు నుంచి అసిస్టెంట్ లైన్‌మన్, తర్వాత లైన్‌మన్, అదృష్టం ఉంటే లైన్ ఇన్‌స్పెక్టర్. అతడి ఉద్యోగంలో పైకెక్కే మెట్లు అవే. స్తంభాలు మాత్రం లెక్కలేనన్ని ఎక్కాలి.

అతడి సర్వీసులో ఆఫీసు ముందు బోర్డు ఎన్నిసార్లు మారిందో చూడండి. 1999 ఫిబ్రవరి 1న విద్యుత్ బోర్డును విడదీశారు. ఉత్పత్తి జెన్‌కోకు, పంపిణీతో సహా మిగతాది ట్రాన్స్‌కోకు వెళ్లింది. 2000 ఏప్రిల్‌లో పంపిణీని నాలుగు సంస్థలకు పంచినప్పుడు చేవెళ్ల, మొయినాబాద్‌లు సెంట్రల్ పవర్ కిందికి వచ్చాయి. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడ్డాక అదే సంస్థ తెలంగాణ రాష్ట్ర దక్షిణ విద్యుత్ పంపిణీ సంస్థ అయింది. 2024లో పేరు ముందున్న టీఎస్ అక్షరాలు టీజీ అయ్యాయి. బోర్డు, ట్రాన్స్‌కో, సెంట్రల్ పవర్, టీఎస్, టీజీ. జనానికి ఇవేవీ పట్టలేదు. అప్పుడూ ఇప్పుడూ అది "కరెంటు ఆఫీసే". ఆ ఆఫీసు అంటే గుర్తుకొచ్చేది సంస్థ అధిపతి కాదు, ఆ లైన్‌మనే.

బోరు బావుల బీట్

చేవెళ్ల ప్రాంతపు లైన్‌మన్ పని పట్నం లైన్‌మన్ పని లాంటిది కాదు. దానికి ఒక కారణం ఈ నేలలోనే ఉంది. జంట జలాశయాలను కాపాడడానికి 1996 మార్చి 8న ప్రభుత్వం జీవో 111 ఇచ్చింది. దాని ప్రకారం 84 గ్రామాల పరిధిలో కాలుష్యం కలిగించే పరిశ్రమలకు, పెద్ద హోటళ్లకు, కాలనీలకు అడ్డుకట్ట పడింది. 2022లో ఆ ఆంక్షలను సడలిస్తూ జీవో 69 వచ్చేదాకా పాతికేళ్లకు పైగా ఇదే పరిస్థితి. కనుక నగరం పక్కనే ఉన్నా ఇక్కడ చాలాకాలం పొలాలు, కూరగాయల తోటలు, పూల తోటలు, ఫాంహౌసులే నిలిచాయి. పట్నంలో ఒక వీధిలో వంద ఇళ్లుంటే లైన్ చిన్నది. ఇక్కడ ఒక్క బోరు మోటరు కోసం తీగ ఎన్నో స్తంభాలు దాటి పోవాలి. వర్షంలో, బురదలో, పాముల మధ్య ఆ లైన్ వెంట నడిచి తెగిన చోటు వెతకవలసింది లైన్‌మనే.

గాలివాన వస్తే మర్రికొమ్మ విరిగి తీగ మీద పడుతుంది. ఇన్సులేటరు పగులుతుంది. సబ్‌స్టేషన్‌లో ఫీడరు ట్రిప్ అవుతుంది. ఊరంతా చీకటి. పది నిమిషాలకు ఫోన్లు మొదలవుతాయి. సెల్‌ఫోన్లు లేని రోజుల్లో మనుషులే ఇంటికి వచ్చి తలుపు తట్టేవారు. ఆ ఇంటి ఇల్లాలు వాన శబ్దంలో ఆ తట్టుడు విని, భర్తకు టార్చిలైటు అందించి, అతడు తిరిగి వచ్చేదాకా నిద్రపోకుండా కూర్చునేది. లైన్‌మన్ ఉద్యోగానికి జీతం ఒక్కరికే. కాపలా మాత్రం ఇద్దరిదీ.

ఎండాకాలం మరో తీరు. భూగర్భజలం లోతుకు పోయేకొద్దీ రైతు మోటరు హార్స్‌పవర్ పెంచుతాడు. ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడు ఎక్కువై కాయిల్ కాలిపోతుంది. ఒకప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ కాలితే రైతులే చందాలు వేసుకుని, దాన్ని దించి, ట్రాక్టరు మీద రిపేరు షెడ్డుకు తీసుకుపోయేవారు. ఆలస్యమైతే చేను ఎండిపోతుంది. ఆ కోపమంతా ఎవరి మీద? ఎదురుగా కనిపించే లైన్‌మన్ మీద.

వ్యవసాయానికి విడతల వారీగా, చాలాసార్లు అర్ధరాత్రి, కరెంటిచ్చిన ఏళ్లలో మోటరు వేయడానికి చీకట్లో పొలానికి పోయి పాము కాటుకో, కరెంటు షాకుకో బలైన రైతులు ఎందరో. ఏ గ్రూపుకు ఏ సమయంలో కరెంటు ఇవ్వాలో నిర్ణయించింది లైన్‌మన్ కాదు. కాని జవాబు చెప్పవలసి వచ్చింది అతడే.

తిట్లూ అతడికే, టీ కూడా అతడికే

కరెంటు ఛార్జీల పెంపుకు వ్యతిరేకంగా హైదరాబాద్‌లో జరిగిన ఆందోళనలో 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్ వద్ద పోలీసు కాల్పులు జరిగాయి. ప్రాణాలు పోయాయి. ఆ రోజుల్లో బకాయి ఉన్న ఇంటి కనెక్షన్ కత్తిరించడానికి పంపిందీ లైన్‌మన్‌నే. పొద్దున ఫ్యూజు వేసిన చేత్తోనే సాయంత్రం ఫ్యూజు పీకాలి. తన చిన్ననాటి స్నేహితుడి ఇంటి ముందు నిచ్చెన వేయవలసి వచ్చిన లైన్‌మన్ మనసు ఎలా ఉండి ఉంటుంది?

ఆ తర్వాతి చరిత్ర చేవెళ్లతోనే ముడిపడింది. 2003 ఏప్రిల్ 9న వై.ఎస్. రాజశేఖరరెడ్డి తన పాదయాత్రను చేవెళ్ల నుంచే మొదలుపెట్టారు. మరుసటి ఏడాది 2004 మే 14న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన రోజునే వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ఫైలు మీద సంతకం చేశారు. తెలంగాణ వచ్చాక 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల సరఫరా మొదలైంది. ఈ నిర్ణయాలు చేసినవారి పేర్లు పుస్తకాల్లో ఉంటాయి. నిర్ణయం కాగితం మీద పుడుతుంది. అది బోరు దగ్గరికి చేరాలంటే కొత్త తీగలు లాగాలి, ట్రాన్స్‌ఫార్మర్లు ఎక్కించాలి, జంపర్లు బిగించాలి. ఆ పని చేసినవారి పేర్లు పుస్తకాల్లో ఎందుకుండకూడదు?

తిట్టిన ఊరే అతడికి టీ కూడా పోసింది. పెళ్లి పిలుపుల్లో లైన్‌మన్ ఇల్లు ఉంటుంది. బక్రీద్ మాంసంలో, దసరా జమ్మిలో అతడికి వాటా ఉంటుంది. కులం, మతం, పార్టీ చూడకుండా ఊళ్లోని ప్రతి ఇంటి గుమ్మం తెలిసినవాడు ఒకప్పుడు పోస్ట్‌మన్, మరొకడు లైన్‌మన్. ముస్లిం లైన్‌మన్ వినాయక చవితి మండపానికి లైటు సరిచేశాడు. హిందూ లైన్‌మన్ రంజాన్ నెలలో సహరీ వేళ కరెంటు పోకుండా కాపాడాడు. దీన్ని ఎవరూ సామరస్యం అని పిలవలేదు. పని అనుకున్నారు.

ఒక చక్రం తిరిగే కాలం

రంజాన్ నెల ఏటా పదీ పదకొండు రోజులు వెనక్కి జరుగుతుందని అందరికీ తెలుసు. అంటే ఒక ఋతువులో వచ్చిన రంజాన్ మళ్లీ అదే ఋతువులో రావడానికి సుమారు ముప్పై మూడేళ్లు పడుతుంది. 1985లో రోజాలు మే నెలలో మొదలయ్యాయి. 2018లో మళ్లీ మే నెలలోనే మొదలయ్యాయి. 1985లో యువకుడిగా రోజా ఉండి స్తంభమెక్కిన లైన్‌మన్, 2018 నాటికి రిటైర్మెంటు దగ్గరపడిన వయసులో మళ్లీ అదే మండుటెండలో రోజా ఉండి అదే స్తంభాల కింద నిలబడ్డాడు. చంద్రుడు తన చక్రం పూర్తి చేసేసరికి ఇతడి సర్వీసు పూర్తయింది.

ఎండకు కాలిన ఇనుము మీద, నోట చుక్క నీరు లేకుండా, పదిమంది ఇళ్లలో ఫ్యాను తిరగడం కోసం చేసిన ఆ పనిని మనం ఏ లెక్కలో వేస్తాం?

బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లో ఒక సంఘటన ఉంది. మదీనా మసీదును ఊడ్చి శుభ్రం చేసే ఒక పేద నల్లజాతి మహిళ కొన్నాళ్లు కనిపించలేదు. దైవప్రవక్త ముహమ్మద్ (స) ఆమె ఏమైందని అడిగారు. చనిపోయిందని అనుచరులు చెప్పారు. చిన్న పనిచేసే మనిషి కదా అనుకుని వారు ఆయనకు కబురు చేయలేదు. తనకెందుకు తెలియజేయలేదని ప్రవక్త (స) అడిగి, సమాధి చూపించమని చెప్పి, అక్కడికి వెళ్లి ఆమె కోసం ప్రార్థించారు. ఊడ్చే మనిషి కనిపించకపోవడం గమనించడం, ఆమె గురించి అడగడం, ఆమె దగ్గరికి వెళ్లడం. మరణించినవారిని స్మరించడమంటే ఏమిటో ఇంతకన్నా తేటగా చెప్పే సంఘటన ఏముంది? దారిలో మనుషులకు హాని చేసే దాన్ని తొలగించడం కూడా విశ్వాసంలో భాగమేనని ప్రవక్త (స) నేర్పారు. దారి మీద తెగిపడిన కరెంటు తీగను తొలగించే మనిషి చేస్తున్నది అదే కదా.

పది నిమిషాల ప్రాణం

ఇక అసలు విషయానికి వద్దాం. లైన్‌మన్‌లు ఎందుకు చనిపోతున్నారు?

స్తంభమెక్కే ముందు చేయవలసిన పనికి "లైన్ క్లియర్" అని పేరు. ముందుగా సబ్‌స్టేషన్ ఆపరేటర్‌ను అడగాలి. ఆపరేటర్ ఆ ఫీడరు బ్రేకరును ఆపి, స్విచ్ విడదీసి, ఎవరికి, ఏ సమయానికి, ఏ లైను మీద అనుమతి ఇచ్చాడో లాగ్ పుస్తకంలో రాయాలి. లైన్‌మన్ పని చేసే చోట ఎ.బి. స్విచ్ తెరిచి, మూడు బ్లేడులూ పూర్తిగా విడిపోయాయో లేదో కంటితో చూడాలి. లైనులో కరెంటు లేదని పరీక్షించాలి. తర్వాత తాను పనిచేసే చోటుకు రెండు వైపులా ఎర్త్ రాడ్లతో తీగలను భూమికి కలపాలి. అప్పుడే పైకెక్కాలి. పని అయ్యాక ఎర్తులు తీసి, అందరూ కిందికి దిగారని చూసుకుని, అనుమతి తీసుకున్న మనిషే దాన్ని తిరిగి అప్పగించాలి.

ఈ ఎర్తు ఎందుకంటే, సబ్‌స్టేషన్‌లో ఆపినంత మాత్రాన తీగలో కరెంటు రాదని నమ్మకం లేదు. ఒక ఇంట్లోనో ఫంక్షన్ హాలులోనో జనరేటరు సరిగ్గా విడదీయకుండా నడిపితే ఆ కరెంటు వెనక్కి లైనులోకి పారుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని మళ్లీ పదకొండు వేల వోల్టులకు పెంచుతుంది. పక్క లైను తాకినా అంతే. ఎవరో తెలియక స్విచ్ వేసినా అంతే. ఎర్తు చేసి ఉంటే కరెంటు భూమిలోకి పోతుంది, మనిషి బతుకుతాడు.

ప్రాణం తీయడానికి ఎంత కరెంటు చాలు? పాత 60 వాట్ల బల్బులో పారే కరెంటులో నాలుగో వంతు గుండె మీదుగా పారితే గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. అందులో అయిదో వంతుకే చేతి కండరాలు బిగుసుకుపోయి పట్టుకున్న తీగను వదలలేని స్థితి వస్తుంది. తీగ మీద పిట్ట వాలి బతుకుతోంది కదా అని పిల్లలు అడుగుతారు. పిట్ట రెండు కాళ్లూ ఒకే తీగ మీద ఉంటాయి. స్తంభం మీది మనిషి ఒక చేయి తీగ మీద, శరీరం భూమికి అంటుకున్న ఇనుము మీద ఉంటాయి. తేడా అంతే, ఆ తేడాలోనే ప్రాణం ఉంది.

లైన్ క్లియర్ పద్ధతిగా తీసుకోవడానికి పది నిమిషాలో పావుగంటో పడుతుంది. ఆ పది నిమిషాలు ఎవరు మింగేస్తున్నారు? నిజాయతీగా చూస్తే అందులో మన వాటా ఉంది. "వలీమా వంట మధ్యలో ఉంది, తొందరగా కానియ్యి సాబ్." "నాటు వేస్తున్నం, అందరి కరెంటు బంద్ చెయ్యకు, అట్లనే ఎక్కి తగిలించు." "క్రికెట్ మ్యాచ్ వస్తోంది చాచా." ఊరి మాట కాదనలేక, ఒక్క ఫ్యూజు కోసం ఫీడరంతా ఎందుకు ఆపాలని, అలవాటైన పనే కదా అని అతడు ఎక్కుతాడు. వెయ్యిసార్లు ఏమీ కాదు. ఒక్కసారి అవుతుంది.

అనుభవమున్న లైన్‌మన్‌లు కూడా ఇలాగే పోయారు. అనుభవం చేతికి ధైర్యం ఇస్తుంది. తీగకు ఆ సంగతి తెలియదు.

రికార్డులో లేని చేతులు

మరొక మాట కూడా చెప్పుకోవాలి. లైన్‌మన్ వయసు పైబడ్డాక స్తంభమెక్కే పనికి ఊళ్లోని కుర్రవాళ్లను తోడు పిలుచుకోవడం చాలాచోట్ల ఉన్నదే. రైతులిచ్చే నాలుగు రూపాయలకు ఆ కుర్రవాడు ఎక్కుతాడు. అతడికి నియామక పత్రం లేదు, శిక్షణ లేదు, బీమా లేదు. ప్రమాదం జరిగితే అతడు సంస్థ మనిషి కాదంటారు. ఆ తల్లి ఏ ఆఫీసుకు పోవాలి? సొంత పొలంలో ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు తామే వేయబోయి చనిపోయిన రైతుల సంగతీ ఇంతే.

2017లో తెలంగాణ విద్యుత్ సంస్థలు ఇరవై వేలకు పైగా ఒప్పంద కార్మికులను ఆర్టిజన్ల పేరుతో తమలో కలుపుకున్నాయి. అది మేలైన అడుగు. పెన్షన్ దగ్గర మాత్రం ఒక గీత మిగిలింది. 1999 ఫిబ్రవరికి ముందు బోర్డులో చేరినవారికి జీపీఎఫ్‌తో పాటు జీవితాంతం పెన్షన్. ఆ తర్వాత చేరినవారికి ఈపీఎఫ్. ఒకే స్తంభం ఎక్కినా, ఒకే తీగ పట్టుకున్నా ముసలితనంలో ఒకరి ఇంట్లో ఉన్న భరోసా మరొకరి ఇంట్లో లేదు. తమను కూడా పాత పద్ధతిలోకి మార్చాలని ఉద్యోగులు చాలాకాలంగా అడుగుతున్నారు.

ఈ వృత్తిలోకి ఇప్పుడు ఆడపిల్లలు కూడా వస్తున్నారు. 2019 నోటిఫికేషన్‌లో మహిళలకు అవకాశం లేకపోతే హైకోర్టుకు వెళ్లి, స్తంభమెక్కే పరీక్షలో నెగ్గి, 2022లో సిద్దిపేట జిల్లాకు చెందిన బబ్బూరి శిరీష జూనియర్ లైన్‌వుమన్‌గా ఉద్యోగం సాధించారు. మన ఇళ్లలో ఐటీఐ చదువుతున్న అమ్మాయిలకు ఈ సంగతి చెప్పవలసిందే. దానితో పాటు లైన్ క్లియర్ సంగతి కూడా.

మనం చేయగలిగింది

కేంద్ర ప్రభుత్వం ఈ మధ్య మార్చి 4ను లైన్‌మన్ దివస్‌గా జరపడం మొదలుపెట్టింది. ఆ రోజు శాలువా కప్పితే మంచిదే. కాని గుర్తుపెట్టుకోవడానికి ఇంకా మంచి మార్గాలున్నాయి.

మీ ఊళ్లో రిటైరైన లైన్‌మన్ ఉంటే ఒక సాయంత్రం వెళ్లి కూర్చోండి. ఏ ఏడాది చేరాడు, మొదటి స్తంభం ఎక్కడ పాతారు, ఏ వీధికి ముందుగా కరెంటు వచ్చింది, ఏ తుపానుకు ఎన్ని రాత్రులు ఇంటికి రాలేదు, తోటివారిలో ఎవరిని పోగొట్టుకున్నాడు అని అడగండి. చదువుకునే పిల్లల చేత నోటు పుస్తకంలో రాయించండి. ఊరి చరిత్ర అంటే అది కూడా.

లైన్‌మన్ ఇంట్లోనివారు సర్వీసు రిజిస్టరు వివరాలు, నామినీ పేర్లు, పెన్షన్ కాగితాలు, బ్యాంకు ఖాతా సరిగా ఉన్నాయో లేదో ఆయన బతికుండగానే చూసుకోవాలి. భార్య పేరు ఒక కాగితంలో ఒకలా, ఆధార్‌లో మరోలా ఉండి కుటుంబ పెన్షన్ కోసం ఆఫీసుల చుట్టూ తిరగవలసిన అవస్థ చాలా ఇళ్లలో వస్తుంది. ఇప్పుడు పదిరోజులు తిరిగితే అప్పుడు పదినెలలు మిగులుతాయి.

పెళ్లికి, జల్సాకు, ఉర్సుకు దీపాలంకరణ చేసేటప్పుడు తీగకు కొండీ తగిలించకండి. తాత్కాలిక కనెక్షన్ తీసుకోండి. దొంగ కరెంటు వెలుగులో చేసిన మంచి పనికి ఏం విలువ? ఆ కొండీ తీయడానికి మరుసటి రోజు ఎక్కేది కూడా ఒక మనిషే. జనరేటరు, ఇన్వర్టరు ఉన్నవారు అది లైనులోకి వెనక్కి పారకుండా ఛేంజోవర్ స్విచ్ పెట్టించుకోండి. మీ ఇంటి సుఖం మరొకరి ఇంటి దీపం ఆర్పకూడదు.

తెగిపడిన తీగ కనిపిస్తే దగ్గరికి పోవద్దు, పిల్లలనూ పశువులనూ పోనివ్వద్దు. 1912కు ఫోన్ చేయండి. పెద్ద లైను తీగ పడినచోట నేల మీద కూడా కరెంటు ఉంటుంది. దగ్గరలో చిక్కుకుంటే పాదాలు దగ్గరగా పెట్టి చిన్నచిన్న అడుగులతో దూరం జరగాలి. ఇంట్లో ఎవరికైనా షాక్ కొడితే ముందు మెయిన్ ఆపండి, తర్వాతే మనిషిని ముట్టుకోండి. ఊపిరి ఆగితే ఛాతీ మీద నొక్కుతూ 108కి కబురు చేయండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటుంది. ఈసారి కరెంటు పోయి లైన్‌మన్ వస్తే "తొందరగా" అనకండి. "లైన్ క్లియర్ తీసుకున్నవా అన్నా? తీసుకో, మేం ఆగుతం" అనండి. ఊరంతా కలిసి అనండి. ఆ మాట అతడి చేతికి రబ్బరు తొడుగు కన్నా గట్టి రక్ష. ఎందుకంటే, కాదనలేని మొహమాటం నుంచి అతణ్ణి విడిపించేది ఆ మాటే.

పోయినవారి కోసం దుఆ చేద్దాం. వారి సమాధి ఎక్కడుందో, వారి పిల్లలు ఎలా ఉన్నారో అడిగి తెలుసుకుందాం. బతికున్నవారికి మాత్రం దుఆతో పాటు ఆ పది నిమిషాలు కూడా ఇద్దాం. అతడు స్తంభం దిగి క్షేమంగా ఇంటికి చేరితే, ఆ ఇంటి ఇల్లాలు దీపం తగ్గించి నిశ్చింతగా నిద్రపోతుంది.